బందెలదొడ్డిలో మంద

ప్రశ్న అడిగినవారికి విరూపాక్షయ్య గారు జవాబు చెప్పేవారు కాదు. లేచి చెప్పులు వేసుకునేవారు. ఉద్యోగమంతా పశుగ్రాసాల పరిశోధనలో గడిపి, విరమించాక అనంతపురం వైపు ఒక చిన్న ఊళ్ళో స్థిరపడ్డ ఆయన దగ్గరికి పాత శిష్యులు సందేహాలు మోసుకుని వస్తుండేవారు. ఎవరైనా సరే, ఆయన వెంట ఎండలో నడవాల్సిందే.

ఆ కార్తీకంలో వచ్చిన కాత్యాయని తెచ్చింది సందేహం కాదు, కోపం. ఆ ఊరి పక్కనే ఉన్న పులిబండ కొండ వాలులో గొర్రెల మేత మీద ఆమె ఏళ్ళ తరబడి పనిచేసింది. తొలకరికి గడ్డి మొలిచింది మొదలు గింజ రాలేదాకా మందలను కొండకు దూరంగా ఉంచాలి. గింజ రాలాక మాత్రం మంద ఎక్కి తీరాలి. గిట్టలు తొక్కితేనే గింజ మట్టిలోకి దిగుతుంది, పెంటికల ఎరువుకు మరుసటి ఏడు గడ్డి చిక్కగా లేస్తుంది. ఇదీ ఆమె తేల్చిన సంగతి. కొండ మీద అజమాయిషీ ఉన్న అధికారి ఇందులో మొదటి ముక్కనే పట్టుకున్నాడు. గొర్రెలు కొండకు చేటని శాస్త్రవేత్తలే తేల్చారని చాటింపు వేయించి, ఏడాది పొడుగునా కొండను మూయించాడు. ముందురోజు కొండెక్కిన ఒక మందను పట్టి బందెలదొడ్డిలో పెట్టించాడు.

"సగం మాట విని ఊరి మీద పడింది వాళ్ళు సార్. జనం తిట్టేది నన్ను. ఇందులో నా తప్పేముందో చెప్పండి" అంది కాత్యాయని.

విరూపాక్షయ్య గారు చెప్పులు వేసుకున్నారు.

చేలల్లో పడ్డ పశువులను పట్టి ఉంచే ఆ దొడ్డికి నాలుగు వైపులా రాతి గోడ తప్ప పైన నీడ లేదు. గొర్రెలు ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి నిలబడ్డాయి. అన్నీ ఈనిన తల్లులు. వాటి పిల్లలు ఇంటి దగ్గర తడికల గూటిలో ఉండిపోయాయి. పాలు తాగేవి లేక పొదుగులు రాయిలా బిగిసిపోయాయి. గోడ అవతలి నుంచి తుమ్మకొమ్మలు అందిస్తున్న మంద యజమానురాలు సుంకులమ్మ కాత్యాయనిని చూసింది, గుర్తుపట్టింది, మొహం తిప్పుకుంది. తిట్టినా బాగుండునని కాత్యాయనికి అనిపించింది. గురువు గారు తొట్టి వైపు చెయ్యి చూపితే, ఆమె బోరింగు కొట్టి నీళ్ళు మోసింది.

అంతలో అధికారి జీపు దిగాడు. సుంకులమ్మ చేతులు జోడించి, తాను తోలలేదనీ, పచ్చిక వాసనకు అవే ఎక్కాయనీ చెప్పుకుంది. అధికారి విసుక్కున్నాడు. "వాటంతటవే పోయాయంటే కుదరదమ్మా. వదిలింది నువ్వు. అవి ఎక్కడ పడినా బాధ్యత నీదే."

అప్పుడు అతని కళ్ళు కాత్యాయని మీద పడ్డాయి. కుర్చీ తెప్పించాడు. కొండ పచ్చగా ఉందంటే అంతా మేడం గారి చలవేనని చుట్టూ చేరిన జనానికి వినబడేలా చెప్పాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కూర్చోకుండానే, తాను చెప్పినదేమిటో, అతను మింగేసినదేమిటో మొదటి నుంచి చివరిదాకా వినిపించింది. గింజ రాలి పక్షం దాటిందనీ, ఇప్పుడు కొండ మీద ఉండవలసిన మంద ఈ గోడల మధ్య మాడుతోందనీ అంది.

అధికారి నొచ్చుకున్నట్టు కూడా కనబడలేదు. "మీ పరిశోధన కేంద్రం గేటు ముందే చాటింపు వేయించాం కదండీ. అప్పుడు ఒక్కరూ బయటికొచ్చి కాదనలేదే?"

ఆమె ఆ చాటింపు విన్నమాట నిజం. ప్రయోగశాల కిటికీలోంచి విని, మూర్ఖులని తోటివాళ్ళతో అనుకుని, మళ్ళీ పనిలో పడింది. కోపం తగ్గలేదు గాని, అది ఎటు తిరగాలో తెలియలేదు.

తర్వాత ఆమె వెళ్ళి దొడ్డి తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది. "ఆనాడు కాదనలేదు. ఈనాడు అంటున్నాను, అందరూ వినండి. నా పేరు చెప్పి మూసిన కొండ ఇది. నేను మూయమనలేదు. ఈ తలుపు తెరిచేదాకా లేవను."

సుంకులమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. మరికొందరు కాపరులు కూర్చున్నారు. అధికారి కాసేపు బెదిరించాడు, కాసేపు ఫోన్లు చేశాడు. చివరికి కొండ సంగతి పైవాళ్ళకు రాస్తానని గొణిగి, కావలివాడికి తాళం తీయమని సైగ చేశాడు. తల్లి గొర్రెలు ఎవరి అదిలింపూ లేకుండానే ఇంటి దారి పట్టి పరుగెత్తాయి. వాటి వెనక పడిన సుంకులమ్మ మలుపు దగ్గర ఆగి, ఒకసారి వెనక్కి చూసి వెళ్ళింది.

తిరుగు దారిలోనూ కాత్యాయని ఉడికిపోతూనే ఉంది. పక్క మండలాల్లోనూ ఇదే చాటింపు వేశారట. అక్కడి కొండలూ మూశారట. ఎంత అన్యాయమో చూడండి అంటూ వచ్చింది. విరూపాక్షయ్య గారు ఇల్లు చేరారు. గడప దగ్గర చెప్పులు విడవబోయి, ఆగారు.

"ఆమె మంద ఇల్లు చేరింది. నువ్వు వదిలిన మాటల మందే ఇంకా కొండల మీద తిరుగుతోంది" అన్నారు.