ముళ్లపందిని లేపిన గొర్రెపిల్ల

అనగనగా ఒక అడవిలో, కొండకు ఈవలి పక్కన, ఒక గొర్రెల మంద ఉండేది. అడవిలో గొర్రెలా, పులి ఊరుకుంటుందా అని మీరు అడుగుతారు. ఆ అడవిలో ఉన్న ఒక్క పులికీ పళ్లన్నీ ఊడిపోయాయి. వెలగపండు గుజ్జు నాకి బతుకుతోంది. దాని కథ వేరే ఉంది, అందులోకి దిగితే పొద్దు పోతుంది. మనది ఒక గొర్రెపిల్ల కథ.

ఆ పిల్ల పేరు బొల్లిగాడు. నుదుటి మీద వేలెడు తెల్ల మచ్చ ఉండేది, అందుకని ఆ పేరు. వాడితో పాటే పుట్టిన ఆడపిల్ల చుక్కి. వాడికంటే ఒక్క గడియ ముందు పుట్టింది. ఆ గడియను అడ్డం పెట్టుకుని, "నన్ను అక్కా అని పిలవరా" అంటూ రోజూ వాణ్ని వేధించేది. వాడు చచ్చినా పిలిచేవాడు కాదు. వాళ్లమ్మ కర్రెమ్మ. పేరుకు తగ్గట్టే కాటుక నలుపు.

ఏటా ఎండలు ముదిరేసరికి ఈవల గడ్డి మాడిపోయేది. అప్పుడు మంద కొండ దాటి ఆవలి లోయకు వెళ్లేది. కానీ దారిలో, కొండ నెత్తిన, ఒక చీలిక ఉంది. దాన్ని ఒక్క దూకులో దాటాలి. దాటలేని పిల్లల్ని ఇద్దరు ముసలి గొర్రెలకు అప్పజెప్పి కిందనే వదిలి వెళ్లేవారు. ఆ పిల్లలు తల్లుల్ని మళ్లీ చూడటం వానలు పడ్డాకే.

ఎవరు రావాలి, ఎవరు ఆగాలి అన్నది తేల్చడానికి మందలో ఒక ఆచారం ఉంది. వాగు ఒడ్డున ఒక బండరాయి మీద పెద్ద మొద్దు అడ్డంగా పడి ఉంది. దాని ఒక కొస మీద ముళ్లయ్య అనే ముళ్లపంది పడుకుంటుంది. గొర్రెపిల్ల రెండో కొస ఎక్కాలి. ముళ్లయ్య నిట్టనిలువునా పైకి లేస్తే పిల్ల ఎదిగినట్టు. లేవకపోతే లేదు.

తూచడానికి ముళ్లపందే ఎందుకంటారా? వెనకటికి ఎప్పుడో ఒక ముళ్లపంది అక్కడ నిద్రపోతుంటే, ఒక పొట్టేలు పిల్ల తెలియక రెండో కొస తొక్కింది. ముళ్లపంది గాల్లోకి లేచింది. ఆ పిల్లే తర్వాత మందకు పెద్దయింది. అంతే, మర్నాటి నుంచి పిల్లలందరూ మొద్దెక్కడం మొదలుపెట్టారు. గొర్రెలు కదా! ముందు పోయింది ఎందుకు పోయిందో వెనక వచ్చేది అడగదు.

ప్రయాణం ఇంకా రెండు నెలలు ఉందనగా బొల్లిగాడు ఒకసారి మొద్దెక్కి చూసుకున్నాడు. ముళ్లయ్య ముల్లు కూడా కదల్లేదు.

"మామా, కొంచెం లేవవా?" అని బతిమాలాడు.

"నేను పగలు నిద్రపోయే జాతిరా. లేపాల్సింది నువ్వు. పో, ఎదిగి రా," అన్నాడు ముళ్లయ్య కళ్లు తెరవకుండానే.

బొల్లిగాడికి గుండె జారింది. అమ్మ లేకుండా ఎండాకాలమంతానా? పరుగెత్తుకుని తల్లి దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, తొందరగా ఎదగాలంటే ఏం చెయ్యాలి?"

"పాలు తాగు. రేగు ఆకు, ఉలవ తీగ, తుమ్మకాయ తిను. తిన్నది నెమరు వెయ్యి. నాతో గుట్టెక్కు. పాలతో ఎముక, ఆకుతో కండ, నడకతో కాలు. మా అమ్మ నాకు చెప్పింది అదే," అంది కర్రెమ్మ.

"దానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"పట్టినన్నాళ్లు పడుతుంది."

ఆ జవాబు వాడికి నచ్చలేదు. ఆ జవాబు నచ్చినవాళ్లు లోకంలో ఎవరూ ఉండరనుకోండి. చుక్కి మాత్రం తల్లి వెంట గుట్టెక్కి ఆకు మేస్తూ పోయింది. బొల్లిగాడు వేరే దారి వెతికాడు.

మొదటి రోజు చవుడు నేల నాకాడు. ఉప్పుకు దాహం వేసింది. వాగులో నీళ్లు తాగాడు, తాగాడు, పొట్ట కుండలా అయ్యేదాకా తాగాడు. నీళ్లు గడగడమంటుంటే వెళ్లి మొద్దెక్కాడు. ముళ్లయ్య జానెడు లేచాడు!

"లేచాడు, లేచాడు!" అని వాడు గెంతాడు. గెంతగానే ఉచ్చ ఆగలేదు. పోసినంతసేపూ ముళ్లయ్య మెల్లమెల్లగా కిందికి దిగాడు.

"అకాలంగా ఈ వానేమిట్రా?" అని విసుక్కుని అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు బురదలో దొర్లాడు. ఉన్నికి పట్టిన బురద మోయలేని బరువుగా ఉంది. మొద్దు దాకా నడిచేసరికి ఎండకు ఎండి, పెళ్లలు పెళ్లలుగా రాలిపోయింది. తోకకు అంటుకున్న ముద్ద ఒక్కటే మిగిలింది. తోకతో ముళ్లపంది లేస్తుందా?

మూడో రోజు ఏడుస్తూ పోతుంటే నేలలోంచి ఎవరో పిలిచారు. "అబ్బాయ్, ఏమిటా ఏడుపు?"

అది బొక్కసయ్య అనే పందికొక్కు. పూర్వం అక్కడ మనుషులు జొన్నచేలు వేసేవారు. పండిన జొన్నలు దాచుకోవడానికి భూమిలో పాతర తవ్వుకున్నారు. మనుషులు వెళ్లిపోయారు, పాతర మిగిలింది. బొక్కసయ్య ఏటా దూరపు చేలల్లో గింజలు ఏరుకొచ్చి ఆ పాతర నింపుకుని, దాని మీదే కాపురముండేవాడు. వాడెంత గుండ్రంగా ఉన్నాడంటే, కాళ్లు ఉన్నాయో లేవో నడిస్తేగానీ తెలిసేది కాదు.

బొల్లిగాడు సంగతంతా చెప్పాడు. బొక్కసయ్య పకపకా నవ్వాడు.

"ఓస్, ఇంతేనా! నా జొన్నలు తిను. గుట్టెక్కక్కర్లేదు, ముళ్లలో మూతి పెట్టక్కర్లేదు. తిను, పడుకో. ఎదుగుదలంటే ఇదీ!" అని తన బొజ్జ చరుచుకున్నాడు.

"ఊరికే ఇస్తావా బాబాయ్?"

"ఊరికే ఎవడిస్తాడు? నా పిల్లలకు మెత్తటి పక్క కావాలి. రోజుకో నోటెడు ఉన్ని ఇవ్వు. మెడ వెనకదైతే మరీ మెత్తన."

బేరం కుదిరింది. మొదటి రోజు బొల్లిగాడు ఆత్రంగా తినేసరికి పొట్ట ఉబ్బి, కాళ్లు చాచి పక్కకు ఒరిగిపోయాడు. బొక్కసయ్య వాడి పొట్ట మీద తడితే డప్పులా మోగింది. "మెల్లగా అలవాటు చేసుకోవాలిరా పిచ్చివాడా," అన్నాడు. ఆ తర్వాత మెల్లగానే అలవాటు చేసుకున్నాడు. పొద్దున జొన్నలు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం జొన్నలు. ఆకు చేదంటాడు. తుమ్మకాయ వగరంటాడు. గుట్ట అంటే కాలు నొప్పంటాడు.

"ఒరేయ్, నీ మెడేమిటి బోడిగుండులా ఉంది?" అని అడిగింది చుక్కి.

"ఎండగా ఉందని తీయించుకున్నా. నీకెందుకు?"

"నీకెందుకక్కా అను."

రెండు నెలలు గడిచాయి. తూచే రోజు వచ్చింది. మందకు పెద్ద మెలికొమ్ముల తాత. కొమ్ములు రెండేసి చుట్లు తిరిగి ఉండేవి. ఆయన మొద్దు పక్కన నిలబడి ఒక్కొక్కరినే పిలిచాడు.

చుక్కి ఎక్కింది. ముళ్లయ్య సగం దాకా లేచాడు, ఊగాడు, మళ్లీ కిందికి దిగాడు.

"ఆగాలి," అన్నాడు తాత. కర్రెమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

బొల్లిగాడు ఎక్కాడు. ముళ్లయ్య నిట్టనిలువునా లేచి, పైనున్న చెట్టు కొమ్మకు తల తగిలి, నిద్ర పూర్తిగా వదిలి, "ఎవర్రా వీడు!" అని అరిచాడు.

మందంతా మే అంది. "ఇన్నేళ్లలో ఇంత బాగా లేవడం నేను చూడలేదు. నువ్వు నా వెనకే నడవాలి," అన్నాడు తాత. బొల్లిగాడి తల కొండంత ఎత్తుకు లేచింది. చుక్కి ముసలి గొర్రెల పక్కకు వెళ్లి నిలబడింది. అది చూసి వాడు దాని వైపు ఒక్క అడుగు వేశాడు. కానీ ఒక్క అడుగే.

మర్నాడు తెల్లవారగానే మంద కదిలింది. మొదటి మలుపుకే బొల్లిగాడికి ఆయాసం వచ్చింది. రెండో మలుపుకు నాలుక బయటికి వచ్చింది. తాత వెనక నడిచినవాడు మంద నడుమకు వచ్చాడు, నడుమ నుంచి చివరికి వచ్చాడు. తల్లి వాడి కోసం వెనకబడింది. మూడో మలుపులో చీలిక. మందంతా ఒక్కొక్కటే దూకి అవతలికి చేరింది. కర్రెమ్మ కూడా దూకి, వెనక్కి తిరిగి, "రా నాన్నా, దూకు!" అంది.

బొల్లిగాడు వెనక్కి తగ్గి పరుగెత్తి దూకాడు. ముందుకాళ్లు అవతలి బండ మీద పడ్డాయి. వెనక కాళ్లు పడలేదు. ఒళ్లంతా కిందికి లాగుతోంది. కర్రెమ్మ వాడి మెడ వెనక ఉన్ని పళ్లతో పట్టుకోబోయింది. అక్కడ ఉన్ని ఉంటే కదా! నున్నటి మెడ మీద పళ్లు జారిపోయాయి.

"అమ్మా!" అన్నాడు బొల్లిగాడు.

చీలిక పక్కన చెట్టు మీద తోకయ్య అనే కొండముచ్చు ఉండేవాడు. గొర్రెలు దూకడం చూసి నవ్వుకోవడం ఆయనకు ఏటా వేడుక. ఇప్పుడు నవ్వలేదు. తోక కొమ్మకు ఆనించి, చెయ్యి చాపి, బొల్లిగాడి నడుం పట్టుకుని ఒక్క గుంజు గుంజి ఇవతలి గట్టు మీద పడేశాడు. తానూ పక్కన కూలబడి రొప్పాడు.

"ఎంత బరువురా నాయనా! పట్టుకుంటే చేతికి పట్టే దొరకలేదు," అని మళ్లీ వాడి నడుం నొక్కి చూశాడు. "వెన్నెముక ఏదిరా? దాని పక్కన కండ ఏది? వేళ్లు మెత్తగా దిగిపోతున్నాయి. అంతా కొవ్వే!"

అప్పుడే వెనక పొదలోంచి ఎవరో దూసుకొచ్చారు. చుక్కి! ఆగమన్నా ఆగకుండా అమ్మ కోసం దూరం దూరంగా వెంట వచ్చింది. తమ్ముడు వేలాడటం చూసి పరుగెత్తి వచ్చింది. తోకయ్య దాని నడుమూ నొక్కి చూశాడు.

"ఇదిగో, ఇదీ కండంటే. తాడు పేనినట్టుంది. దూకమ్మా, చూద్దాం."

చుక్కి దూకింది. అవతలి బండ మీద ఇంకో గొర్రె పట్టేంత చోటు వెనక మిగిలింది.

అవతల మెలికొమ్ముల తాత నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "మా తాతల నాటి మొద్దు! ఇంత అబద్ధం చెబుతుందా?"

"మొద్దు అబద్ధం చెప్పలేదు తాతా. బరువెంత అని మీరు అడిగారు, అది చెప్పింది. ఆ బరువు దేనితో వచ్చిందని ఒక్కసారైనా అడిగారా?" అన్నాడు తోకయ్య.

తాత కొమ్ములు గోక్కున్నాడు. కర్రెమ్మ మాత్రం, "నేను వెనక్కి వచ్చేస్తాను. వాణ్ని వదిలి రాను," అంది.

బొల్లిగాడు తల వంచుకుని జొన్నల సంగతి, ఉన్ని సంగతి, అన్నీ చెప్పేశాడు. తర్వాత తల ఎత్తాడు.

"వద్దమ్మా. కింద నీకు గడ్డి లేదు. నేను ఆకు తిని, గుట్టెక్కి, నీ దగ్గరికి వస్తాను. అక్కా, అమ్మను చూసుకో."

అక్కా అన్న మాట చుక్కి విన్నది. కానీ ఆ రోజు వాణ్ని ఏడిపించలేదు.

బొల్లిగాడు కిందికి దిగాడు. ఎండాకాలమంతా ముసలి గొర్రెల వెంట తిరిగాడు. గడ్డి మాడినా అడవిలో తిండి ఉంటుంది, మూతి చాపే ఓపిక ఉండాలి అంతే. రాలిన తుమ్మకాయలు నమిలాడు. ముళ్లు తప్పించి రేగు ఆకు కోశాడు. నీడన కూర్చుని నెమరు వేశాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గుట్టెక్కి దిగాడు. బొక్కసయ్య కలుగులోంచి తల బయటపెట్టి, "అబ్బాయ్, కొత్త జొన్నలు వచ్చాయి!" అని పిలిచాడు.

"నా మెడ మీద ఉన్నితో నాకే పనుంది బాబాయ్," అని బొల్లిగాడు ముందుకు పోయాడు.

మృగశిర కార్తె వచ్చింది. తొలి చినుకులు పడ్డాయి. ఆవలి లోయ నుంచి మంద తిరిగి బయలుదేరింది. కర్రెమ్మ చీలిక దగ్గరికి వచ్చేసరికి ఇవతలి గట్టు మీద ఒక పొట్టేలు పిల్ల నిలబడి ఉంది. సన్నటి నడుము, గట్టి భుజాలు, మెడ నిండా ఉన్ని. ఎవరో అనుకుంది. నుదుటి మీద తెల్ల మచ్చ చూసింది.

"ఒరేయ్..." అనేలోపే వాడు దూకాడు. నాలుగు కాళ్లూ ఒకేసారి తల్లి ముందు పడ్డాయి. కర్రెమ్మ వాణ్ని వాసన చూసింది, నాకింది, మళ్లీ వాసన చూసింది.

వాగు ఒడ్డుకు చేరాక తాత, "ఏదీ, మొద్దెక్కరా," అన్నాడు. అలవాటు అంత తొందరగా పోతుందా? బొల్లిగాడు ఎక్కాడు. ముళ్లయ్య నిట్టనిలువునా లేచాడు. కొమ్మకు తల తగిలింది.

"అదే ఎత్తు! అదే కొమ్మ! అదే దెబ్బ!" అన్నాడు ముళ్లయ్య తల తడుముకుంటూ. "వీడి బరువు వీసమెత్తు మారలేదు తాతా."

గొర్రెలన్నీ మొహాలు చూసుకున్నాయి. అదే బరువుతో ఆ రోజు వేలాడాడు, ఈ రోజు దూకాడు. ఎలాగబ్బా?

వెంట వచ్చిన తోకయ్య బొల్లిగాడి నడుం నొక్కి చూసి నవ్వాడు. "ఇప్పుడు చేతికి పట్టు దొరుకుతోంది," అన్నాడు.

ఆ ఏటి నుంచి ఆ మందలో పిల్లల్ని ముందు గుట్ట ఎక్కిస్తారు, ఆ తర్వాత తోకయ్య నడుం పట్టి చూస్తాడు. మొద్దు జోలికి ఎవరూ పోరు. ముళ్లయ్యకు ఇప్పుడు పగలంతా నిద్రే నిద్ర. అయినా అప్పుడప్పుడు ఒక కన్ను తెరిచి, "ఊపేవాడు లేక నిద్ర సరిగ్గా పట్టడం లేదు," అని గొణుగుతుంటాడట.

నీతి: ఎంత పెరిగావో తూచి చెప్పవచ్చు, ఏం తిని, ఎలా పెరిగావో దూకాల్సిన చోట తెలుస్తుంది.