టీపొడి లేని టీ

అనగనగా కొండ దిగువన ఒక ఊళ్ళో మాణిక్యాంబ అని ఒకావిడ ఉండేదిరా కన్నా. ఇంట్లో ఆవిడా, ఆవిడ భర్తా, ఒక్కగానొక్క కొడుకూ. వాడికి పెళ్ళి చేసి, వరాలు అనే కోడల్ని ఇంటికి తెచ్చుకుంది.

వరాలుకి అన్నీ కొత్తే. ఇల్లు కొత్త, మనుషులు కొత్త. గోడమీద అరిచే బల్లి కూడా కొత్తే! కానీ అత్తగారు మంచావిడ. మొదటిరోజు పొద్దున్నే చిక్కటి టీ కాచి, పంచదార దండిగా వేసి, గ్లాసు చేతికిచ్చింది. "తాగమ్మా, మా ఇంట్లో దీంతోనే తెల్లారుతుంది" అంది.

వరాలు తాగింది. అంతే! గుండె దడదడలాడింది. వాళ్ళ పుట్టింట్లో ఎవరూ టీ తాగరు మరి. ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

రెండోరోజూ టీ వచ్చింది. అప్పుడు కళ్ళు మూసుకుని గటగటా తాగేసింది. మళ్ళీ నిద్ర లేదు. మూడోరోజు అత్తగారికి ప్రేమ ఎక్కువై సాయంత్రం కూడా ఇంకో గ్లాసు ఇచ్చింది. వద్దంటే ఏమనుకుంటుందో అని అదీ తాగింది పాపం.

ఆ తర్వాత పిల్ల మొహం పీక్కుపోయింది, కళ్ళు లోతుకు పోయాయి. మాణిక్యాంబ అది చూసి, "మా ఇల్లు నచ్చలేదు కాబోలు" అని తనలో తనే దిగులుపడింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ పేరంటానికి వెళ్ళింది. అప్పుడు వరాలు పొయ్యి వెలిగించింది. నీళ్ళలో శొంఠి చితక్కొట్టి వేసింది. గుప్పెడు ధనియాలు, రెండు యాలకులు వేసింది. పెరట్లోంచి నాలుగు తులసాకులు తెచ్చి వేసి, బెల్లంతో మరిగించింది. ఇల్లంతా ఘుమఘుమ! వడకట్టుకుని, వంటింటి గుమ్మంలో కూర్చుని, ఊదుకుంటూ ఒక్కో గుక్కా తాగింది. గొంతులోంచి పొట్టదాకా వెచ్చగా దిగింది. ఎన్నాళ్ళకో ఆ పిల్ల మొహంలో నవ్వొచ్చింది.

సరిగ్గా అప్పుడే అత్తగారు వచ్చింది!

"చాటుగా తాగుతున్నావా? నా టీ బాగుండదా అమ్మాయ్?" అంది. ఆ గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ.

వరాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "బాగుంటుంది అత్తయ్యా. కానీ తాగితే నిద్ర పట్టట్లేదు. చెబితే మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు. ఇందులో టీపొడి లేదు."

"టీపొడి లేని టీయా! ఏదీ, నాకూ కొంచెం పొయ్యమ్మా."

మాణిక్యాంబ ఒక గుక్క తాగింది. ఆ తర్వాత ఇంకో గుక్క. ఆ తర్వాత మెల్లగా కోడలి పక్కనే కూలబడింది.

"నేనీ ఇంటికి వచ్చినప్పుడు మా అత్తగారూ ఇలాగే గ్లాసు చేతికిచ్చింది. నాకూ ఇదే దడ. వద్దనడానికి నోరు రాలేదు. అప్పట్నుంచీ తాగుతూనే ఉన్నా. కంటినిండా నిద్రపోయి ఎన్నేళ్ళయిందో తెలుసా తల్లీ!"

వరాలు గిన్నెలో మిగిలినదంతా అత్తగారి గ్లాసులో వంపింది.

ఆ రోజునుంచీ ఇద్దరికీ అదే టీ. మావగారికి మాత్రం ఆయన టీ ఆయనదే!

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న పాలమనిషి వచ్చి, "అమ్మగారూ!" అని గట్టిగా కేకేశాడు. రోజూ అతనికన్నా ముందే లేచి గుమ్మంలో నిలబడే మాణిక్యాంబ ఆ రోజు కనబడలేదు. వరాలే గిన్నె పట్టుకుని పరుగున వచ్చింది.

"ష్! మెల్లగా బాబూ. మా అత్తయ్య ఇంకా నిద్రపోతున్నారు" అంది.

కథేమో కంచి దారి పట్టింది,
మన కంటికేమో కునుకు పట్టింది.