వలతాడు చెప్పిన పాఠం

ఆచార్య పైడిరాజు గారిని ప్రశ్న అడిగితే ఆ పూట జవాబు దొరకదని ఆయన శిష్యులందరికీ తెలుసు. తెలిసే సుహాసిని అడిగింది.

"సూపర్ కంప్యూటర్ మీద పని నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి సార్? వీడియోలు, పుస్తకాలు, శిబిరాలు, అన్నీ కలిపి నలభై మూడు పోగుచేశాను. ఏది ముందో తేలక ఆరు నెలలు గడిచిపోయాయి."

తుఫాను వస్తే ఉప్పెన ఏ ఊరిదాకా పాకుతుందో ముందుగా లెక్కగట్టడం ఆమె పరిశోధన. ఆ లెక్కను అరవై నాలుగు ప్రాసెసర్లు కలిసి చేయాలి. కాని ఆమె ప్రోగ్రామ్ ఒక్కదాని మీద నడిచిన వేగంతో కూడా అరవై నాలుగింటి మీద నడవడం లేదు. ఆ యంత్రాన్ని వాడుకోవడానికి ఆమెకిచ్చిన గడువు పది రోజుల్లో ముగిసిపోతుంది.

"రేపు పొద్దున్నే సముద్రం దగ్గరికి రా," అన్నారాయన.

ఆమె వెళ్లేసరికి ఒడ్డంతా పొగమంచు. జాలర్లు ఒడ్డున నిలబడి రెండు కొసలూ పట్టి లాగే అలివి వల లాగుతున్నారు. తాడు మంచులోంచి వస్తోంది. వల కనబడదు, నీళ్లూ కనబడవు. వల రెండో కొసను లాగేవాళ్లు ఒడ్డు వెంట ఎక్కడో దూరాన ఉన్నారు; వాళ్ల కేకలైనా ఇటు చేరడం లేదు. గురువుగారు తాడు వైపు చెయ్యి చూపి ఇసుకలో కూర్చున్నారు.

"ఎక్కడ పట్టుకోవాలి?" అని అడిగింది సుహాసిని.

"కాళీ ఉన్నకాడ పట్టుకోయే అమ్మా," అంది ముందు తాడు లాగుతున్న పోలమ్మ అనే ముసలామె, వెనక్కి తిరగకుండానే.

సుహాసిని ఉన్న బలమంతా పెట్టి లాగింది. పోలమ్మ కసిరింది. "నువ్వొక్కదానివే లాగేస్తే వల వంకరైపోద్ది. సేపలన్నీ పోతాయి. ఆ కొసనున్నోల్లు ఏటి సేస్తన్నారో తాడే సెప్తాది, ఇను."

సుహాసిని కళ్లు మూసుకుంది. కాసేపటికి అరచేతుల్లో సన్నని అదురు తెలిసింది. కనబడని వాళ్లెవరో ఒక అడుగు వెనక్కి వేశారు; తనూ వేసింది. వాళ్లు ఆగారు, తనూ ఆగింది. తాడును తను లాగుతోందో, సముద్రమే ఊపిరి తీస్తోందో తెలియని స్థితిలో ఎంతసేపు గడిచిందో ఆమెకు అంతుపట్టలేదు. కళ్లు తెరిచేసరికి మంచు విడిపోయింది. వెండిలా మెరుస్తూ వల ఒడ్డుకొచ్చింది. పోలమ్మ గుప్పెడు కవళ్ల చేపలు తీసి ఆమె చున్నీ చెంగులో పోసింది.

తిరుగుదారిలో గురువుగారు ఒక్కటే అడిగారు. "మీ పరిశోధన గదిలో నీ పక్క బల్ల ఎవరిది?"

ఆమెకు పేరు తెలియదు.

మర్నాడు కనుక్కుంది. జిలానీ. "పక్కన కూర్చున్న ఏడు నెలలకి పేరు అడిగారండీ," అని నవ్వి, ఆమె ప్రోగ్రామ్ చూడటానికి అతను కుర్చీ జరుపుకుని వచ్చాడు. మధ్యాహ్నానికి తప్పు దొరికింది. ఒక్క ప్రాసెసర్ మోయలేనంత పని మోస్తుంటే, మిగతా అరవై మూడూ అడుగడుగునా దానికోసం కాచుకుని కూర్చుంటున్నాయి. ఆ పనిని సమంగా పంచడానికి ఇద్దరికీ మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు తెర మీద నీలిరంగు ఉప్పెన మెల్లగా లేచి, పోలమ్మ వాళ్ల పేటను కప్పేసి, ఆవలి రోడ్డు దగ్గర ఆగింది. ఉప్పెన ఆగిన ఆ అంచును సుహాసిని కాగితం మీదికి దింపుకుంది. ఆ సాయంత్రమే పేట పెద్దలకు చూపించి వచ్చింది.

గురువుగారి దగ్గరికి వెళ్లి, "జిలానీ నేర్పాడు సార్," అంది.

ఆయన మరో ప్రశ్న వేశారు.

"అతనికి ఎవరు నేర్పారో అడిగావా?"