పుట్టలు తవ్వించిన చిన్నరాజు

అనగనగా ఒక రాజు. ఆయన ఏలే రాజ్యం కొర్రలదుర్గం. అక్కడ నది లేదు, ఏరు లేదు, ఏడాదికి నాలుగు వానలు పడితే గొప్ప. అయినా గింజలు పండేవి. ఎలా పండుతున్నాయని ఆ రాజు ఒక్కనాడూ అడగలేదు. రాజులకు అంత తీరికెక్కడిది, మీరే చెప్పండి!

ఆయనకు ముగ్గురు కొడుకులు. కడగొట్టువాడు కుంతలుడు. వాడు గొర్రెల మందల పెద్దాయన కూతురు చెంగల్వకు మనసిచ్చాడు. వేసవిలో ఆమె తండ్రి మందలు ఏ చేలో పడుకుంటే ఆ చేను మరుసటేడు విరగపండేది. అందుకని రైతులు ఆయన్ని బతిమాలి మరీ పిలుచుకుపోయేవాళ్ళు. తీరా పెళ్ళిపందిరి వేసిన రోజున, భస్మాక్షుడనే మాయదారి మాంత్రికుడొచ్చి పిల్లను ఎగరేసుకుపోయాడు.

అన్నదమ్ములు ముగ్గురూ బయల్దేరారు. దాటింది ఏడు సముద్రాలు కాదర్రా, ఏడు ఎండిన వాగులు. మాంత్రికుడు కోట గుమ్మంలోనే నిలబడి, "మూడు పనులు చేయండి, పిల్లను తీసుకుపొండి" అన్నాడు. మొదటి పని, కొండంత పేడకుప్పను పొద్దు వాలేలోగా మాయం చేయాలి. పెద్దవాడు ముక్కు మూసుకుని ఇంటిదారి పట్టాడు. రెండోవాడికి ఆ కుప్పను చూడగానే నడుం పట్టేసింది. వాడూ పోయాడు.

కుంతలుడొక్కడే చతికిలబడి ఏడుస్తుంటే ఒక పేడపురుగు వచ్చింది. "ఏడవకు నాయనా, ఇది మాకు విందు!" అని తనవాళ్ళందర్నీ పిలిచింది. ఉండలు చేసి, దొర్లించుకుపోయి, మట్టిలో పూడ్చేశాయి. రెండో పని, బిగుసుకుపోయిన చేనును నాగలి పెట్టకుండా గుల్ల చేయాలి. వానపాములు వచ్చి గుల్ల చేశాయి. మూడో పని, అడవిలో రాలిన ఆకూ పుల్లా అంతా మట్టి చేయాలి. చెదపురుగులు వచ్చి తిన్నాయి, మట్టి చేశాయి.

"ఇక పిల్లనియ్యి" అన్నాడు కుంతలుడు.

మాంత్రికుడు పకపకా నవ్వాడు. "నువ్వు చేశావా? పురుగులు చేశాయి. పో, పో!" అని తలుపు వేసుకున్నాడు.

అప్పుడు ఒక ముసలి చెదపురుగు కుంతలుడి చెవి దగ్గరికి పాకింది. "నువ్వు మంచివాడిలా ఉన్నావని చెబుతున్నా నాయనా. వాడి ప్రాణం ఏ చిలకలోనూ లేదు. మీ రాజ్యంలోనే ఒక పుట్టలో మా తల్లి ఉంది, ఆమె కడుపులో దాచాడు. ఆమె ముసలిదైపోయింది. ఇంకో మూడు వానాకాలాలు, అంతే. ఆమె పోయిన రోజే వాడూ పోతాడు. మాకు కొత్తతల్లి వస్తుంది, నీకు నీ పిల్ల వస్తుంది. అందాకా ఆగు."

"ఏ పుట్ట?"

"అది మాత్రం అడక్కు."

ఆగుదామనే ఇంటికొచ్చాడు పాపం. కానీ గుమ్మంలోనే అన్నలు, "ఏరా తమ్ముడూ, పెళ్ళికూతురేదిరా? పురుగులతో కాపురం పెట్టావటగా!" అని పగలబడి నవ్వారు. మర్నాడూ నవ్వారు. మూడోనాడూ నవ్వారు. వాడికి తల కొట్టేసినట్టయింది. నాలుగోనాడు భటులకు గడ్డపారలిచ్చాడు. ఏ పుట్టో తెలీదు కదా, అందుకని రాజ్యంలో ఉన్న పుట్టలన్నీ తవ్వించి, సలసల కాగే నూనె పోయించాడు. ముసలి చెదపురుగు ఏడు వాగులూ పాకుతూ వచ్చి కాళ్ళకు అడ్డం పడింది. "నమ్మి చెప్పినందుకా నాయనా?" అంది. దాని మీదా పోయించాడు, కఠినాత్ముడు.

మాంత్రికుడు నెత్తురు కక్కుకుని చచ్చాడు. చెంగల్వ వచ్చింది. ఐదురోజుల పెళ్ళి చేసి, కుంతలుడికే పట్టం కట్టారు.

మొదటి ఏడు బాగానే పండింది. నేలలో పాతబలం ఉంది మరి. "చెదల పీడ వదిలింది, మా రాజు చల్లగా ఉండాలి" అన్నారు జనం. రెండో ఏడు సగమే పండింది. మూడో ఏడు వాన పడినా మట్టి తాగలేదు, నీళ్ళు పైపైనే పారిపోయాయి. రాలిన ఆకులు రాలినట్టే ఉన్నాయి. పోయినేడు మంద పడుకున్న చేలో గొర్రె పెంటికలు గులకరాళ్ళలా అలాగే ఉన్నాయి.

చెంగల్వ వాటిని దోసిట్లో పట్టి తెచ్చింది. "ఇవి మట్టిలో ఎందుకు కలవడంలేదు?" అని అడిగింది. ఆ ఎండునేలలో పెంటను మట్టిలో కలిపేవీ, నేలను గుల్ల చేసేవీ చెదలే మరి. అప్పుడు, పెళ్ళయిన మూడేళ్ళకు, కుంతలుడు జరిగిందంతా చెప్పాడు.

ఆమె పెంటికల్ని అక్కడే కింద పోసింది. "నన్నడిగితే ఆగేదాన్ని కదయ్యా" అంది. "వాడు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నీ దారి చూస్తూ కూర్చునేదాన్ని. మూడేళ్ళేగా! ఈ ఏడు ఎలాగూ వచ్చేసేదాన్ని."



జనం పిల్లాపాపల్నెత్తుకుని వలసపోయారు. రాజూ రాణీ మాత్రం కథల్లో లాగే కలకాలం ఏలారు, నలభై ఏళ్ళు. ఏటేటా తొలకరికి రాజు పక్కరాజ్యానికి గంప నెత్తిన పెట్టుకుపోయి, అక్కడివాళ్ళని బతిమాలి, చెదపురుగుల్ని తెచ్చి చేలో వదిలేవాడు. అవి ఒక్క పూట అటూ ఇటూ తిరిగి, వచ్చిన దారినే బారులు తీరేవి. "ఈ ఒక్క ఏడు ఆగండమ్మా" అంటూ పొలిమేర దాకా వాటి వెంటే నడిచేవాడు. అవి ఆగేవి కావు.