తాళం తీసినా ఆగని బండి

మధ్యాహ్నం మూడున్నర. ఎండ తగ్గలేదు. గాలి లేదు.

కడప ఆటోనగర్‌లో మెకానిక్ మౌలా ఉస్తాద్ షెడ్డు ముందు ఓబులమ్మ స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. రాయచోటిలో చెల్లెలికి జ్వరం. కూతురు నాగవేణి కారు వేసుకుని అటువైపే ఘాటు రోడ్డు ఎక్కుతానంటే, బట్టల సంచీ పట్టుకుని వచ్చింది.

మౌలా ఉస్తాద్‌కు ఒక అలవాటు ఉండేది. ఇంజనులో మార్పులు చేసి తెచ్చిన బండి ఏదైనా సరే, అందులో కూర్చునేటప్పుడు ఒక చెక్క ఒళ్లో పెట్టుకునేవాడు. పళ్లెమంత చెక్క. ఒకవైపు పాత ట్యూబు రబ్బరు మేకులతో కొట్టి ఉంటుంది. ఎందుకని అడిగిన శిష్యులకు ఆయన జవాబు చెప్పింది లేదు. ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు. దాని సంగతీ చెప్పింది లేదు.

ఆ రోజు నాగవేణి అడిగింది వేరే ప్రశ్న. పాలిటెక్నిక్ చదివి, మూడేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల. పాత డీజిల్ కారొకటి కొనుక్కుంది. ఇంజనులోకి గాలిని తోసే టర్బో చిన్నదని దాన్ని తీసేసి పెద్దది బిగించింది. ఇక తేల్చుకోవలసింది ఇంజనును నడిపించే కంప్యూటరు సంగతి.

"ఉస్తాద్, మూడు దార్లుండాయి. కంపెనీ కంప్యూటర్లోనే లెక్కలు మార్చి రాయొచ్చు. లేదా దాన్ని పీకేసి, కొత్తది పెట్టి, అన్నీ మనమే రాసుకోవచ్చు. అదీ ఇదీ కాదంటే ఇది." అగ్గిపెట్టెంత నల్లడబ్బా అరచేతిలో పెట్టి చూపింది. "ఇది కంప్యూటరుకు అబద్ధం చెప్తాది. గాలి ఒత్తిడి ఇరవై ఉంటే పదే ఉందంటాది. అది నమ్మి టర్బోను ఇంకా తిప్పుతాది. పది నిమిషాల పని. ఈ మూడిట్లో దేన్ని పెడితే బండి నా మాట వింటాది?"

ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"మొదటి రెండూ నిదానం మీద అయ్యే పనులు. మూడోదాని మీద మనసు పడినావు. ఇంక నన్నెందుకు అడుగుతావు? తగిలించు. గువ్వలచెరువు ఘాటు ఎక్కిచ్చి చూద్దాం."

తగిలించింది. ఉస్తాద్ చెక్క తీసుకుని లేచాడు. ఓబులమ్మను చూసి ఆగాడు.

"చెల్లెమ్మా, నువ్వు బస్సుకు రా."

"కూతురి కారు పెట్టుకుని బస్సేందన్నా? మా చెల్లెలు నవ్వదా?"

ఆయన నవ్వలేదు. ముందు సీట్లో కూర్చున్నాడు.

ఘాటులో కారు ఎక్కిన తీరు ఓబులమ్మకు నచ్చింది. లారీలన్నీ మూలుగుతూ పాకుతుంటే, ఇది వాటిని రాళ్లను దాటినట్టు దాటిపోయింది. కూతురి మొహం ఆమెకు కనబడదు. ఆ మెడ నిలబెట్టిన తీరులోనే సంతోషం తెలుస్తోంది.

"రెండో గేరు మలుపు ఉస్తాద్ ఇది! నాలుగులో ఎక్కుతాంది. మీటర్లు చూడండి, ఒక్క లైటన్నా వెలిగిందా?"

"అదే చూస్తాండా," అన్నాడు ఉస్తాద్.

అప్పుడు సన్నగా ఈల వినబడింది. లోయలో ఎవరో గొర్రెల కాపరి అనుకుంది ఓబులమ్మ. ఒక మలుపు దాటారు. ఈల వెంట వచ్చింది. ఇంకో మలుపు దాటారు. ఈల దగ్గరైంది. అది వెనక నుంచి కాదు, ముందు నుంచి వస్తోందని తెలిశాక ఆమె బట్టల సంచీని ఒళ్లోకి లాక్కుంది.

ఈల ఒక్కసారిగా తెగింది. వెనక అద్దం నిండా తెల్లటి పొగ. నాగవేణి ఆక్సిలరేటరు మీంచి కాలు తీసి పక్కన పెట్టింది. అయినా బండి వేగం పెరిగింది.

"కాలు తియ్యే!"

"తీసేసినా మా! తీసేసినా!"

"క్లచ్ తొక్కు. బ్రేకు. గోడ పక్కకు," అన్నాడు ఉస్తాద్. గొంతు పెంచలేదు.

కారు పిట్టగోడకు జానెడు దూరంలో నిలబడింది. గేరు తీసి, చేతిబ్రేకు లాగింది నాగవేణి. మోసే బరువు పోయేసరికి ఇంజను ఇంకా గట్టిగా అరిచింది. తాళం తిప్పింది. మీటర్లలో ముళ్లన్నీ సున్నాకు పడ్డాయి. ఏ దీపమూ లేదు. అరుపు మాత్రం ఆగలేదు.

ఉస్తాద్ తాళం ఊడదీసి, వెనక్కు తిరిగి, ఓబులమ్మ అరచేతిలో పెట్టాడు.

"తాళం నీకాడ ఉంది చెల్లెమ్మా. బిడ్డను తీసుకుని ఆ మలుపు దాకా పో. వెనక్కి రావద్దండి."

ఆమె కూతురి రెక్క పట్టుకుని పోయింది. మలుపు దగ్గర తిరిగి చూసింది.

సీట్లలో ఎవరూ లేరు. తాళం తన పిడికిట్లో ఉంది. మనుషులు లేని ఇంట్లో రోలు దానంతటదే తిరుగుతున్నట్టు, ఆ ఇంజను తిరుగుతోంది. పిట్టగోడ మీది కోతులు ఒక్కటీ కిచకిచమనలేదు. ఒకదాని వెనక ఒకటి గోడ దిగి లోయలోకి పోయాయి.

"డీజిల్ ఆగిపోయింటాది మా," అంది నాగవేణి. "తాళం తీస్తే డీజిల్ రాదు."

"మరి ఏం తాగి తిరుగుతాందే?"

"దాని నూనె. తిప్పకూడనంత తిప్పినాను టర్బోను. నూనెను ఆపే దాని సీలు పోయి, నూనె ఇంజను లోపలికి పోతాంది. తన నూనె తానే తాగుతాంది."

"అయిపోయినాక ఆగుతాదా?"

"అయిపోయేలోగా పగుల్తాది."

ఉస్తాద్ అప్పటికే బానెట్ ఎత్తి దాని మీదికి వంగి ఉన్నాడు. పొగలో నడుము దాకానే కనబడుతున్నాడు. గాలి పీల్చే గొట్టాన్ని ఊడబెరికాడు. చెక్కను రబ్బరు వైపుగా ఆ నోటి దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ఆనించలేదు. ఆ నోరే చెక్కను చేతిలోంచి లాక్కుంది.

అరుపు మూలుగైంది. బండి మూడుసార్లు అదిరి, ఆగిపోయింది.

తరువాత ఏ చప్పుడూ లేదు. కింద ఎక్కడో ఎక్కుతున్న లారీ మోత వినబడ్డాక ఓబులమ్మ నడిచి దగ్గరికి పోయింది.

"ఇట్లాంటిది ముందెప్పుడన్నా చూసినావా అన్నా?"

"ఒకసారి," అన్నాడు ఉస్తాద్ చెయ్యి తుడుచుకుంటూ. "అప్పుడు చెక్క లేదు."

ఆమె ఆ చేతిని చూసింది.

కడప మార్కెట్టుకు పోయే టమోటా లారీ ఒకటి వాళ్లను ఎక్కించుకుంది. కారు అక్కడే ఉండిపోయింది. క్యాబిన్‌లో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. దిగేదారిలో ఓబులమ్మకు కోపం వచ్చింది.

"నీకు ముందే తెలుసు. తెలిసీ ఎక్కనిచ్చినావే!"

"వద్దంటే నీ కూతురు రేపు ఒంటిగా ఎక్కేది చెల్లెమ్మా."

ఆమె కూతురి వైపు తిరిగింది.

చాలాసేపటికి నాగవేణి అంది. "ఒక్క లైటన్నా వెలగలేదు ఉస్తాద్. ఇట్లయితాదని ఒక్కమాట చెప్పలేదే అది."

ఉస్తాద్ రోడ్డు వైపే చూస్తున్నాడు.

"దాని నోరు నొక్కిందెవరు బిడ్డా?"

పొద్దుగూకే వేళకు లారీ వీధి మొగదల దింపి పోయింది. ఓబులమ్మ భర్త గడపలోనే నిలబడి ఉన్నాడు. వాళ్ల వెనక వీధిలోకి తొంగి చూశాడు.

"కారేదే?"

ఓబులమ్మ వేలు పెట్టి చూపింది.

"ఇదో నాగవేణి. అదో ఉస్తాద్ అన్న. ఇదో నేను."

మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టింది.

"ముగ్గురం వచ్చినాం."