పనసకర్ర తుపాకి

బరువు తుపాకి మోసి మోసి కోట కావలివాడు అప్పలసూరి భుజం పుండైంది. అతని పెళ్లాం పైడమ్మ వీణలు చేసే ఇంటి ఆడపడుచు. భుజానికి ఆనించే తుమ్మకర్ర పిడి ఊడదీసి, పనసకర్రతో కొత్తది చెక్కి, వీణ కడుపులా లోపల తొలిచి బిగించింది. తుపాకి సగానికి సగం తేలికైంది.

సేనల్ని నడిపే దళవాయికి ఇది తెలిసి మండింది. "రాజుగారి ఆయుధాన్ని ఆటబొమ్మ చేశారు. మొగుడూ పెళ్లాలిద్దర్నీ కొరత వేసి చంపాల్సిందే" అన్నాడు సభలో.

"నువ్వేమంటావు?" అని రాజుగారు పైడమ్మనడిగారు.

"చెప్పుకుంటాను దొరా. నా మాటయ్యేదాకా దళవాయిగారిని పాతరకం తుపాకి నా గుండెకు గురిపెట్టి ఉండమనండి. అబద్ధమాడితే అక్కడే కాల్చెయ్యొచ్చు."

దళవాయి సంబరంగా గురిపెట్టాడు.

పనస ఎవరి పెరట్లో కొట్టిందీ, నీడన ఎలా ఆరబెట్టిందీ పైడమ్మ తీరిగ్గా చెప్పుకొచ్చింది. గొట్టం ఆమె గుండె మీంచి మోకాళ్లకి జారింది. దళవాయికి చెమటలు పట్టాయి.

"ఎంతసేపే నీ సోది?"

"ఇంకా ఉలి దాకా రాలేదు బాబూ. అప్పుడే మీ గురి మీ కాలి బొటనవేలి మీదికొచ్చింది."

రాజుగారు మీసం సవరించుకున్నారు. "దించకండి దళవాయిగారూ, మిగతాదీ విందాం. చేతులు నొప్పెడితే చెప్పండి, అప్పలసూరి తుపాకి ఇప్పిస్తాను."