నల్లరాణి చెప్పిన కిటుకు

అనగనగా ఒక ఊళ్ళో, పొద్దు పొడవకముందే మగ్గాలు టకటకలాడే ఊళ్ళో, రంగనాయకి అని ఒక కొత్త కోడలు ఉండేది. ఆ ఊరి అమ్మవారు చౌడమ్మ తల్లి. ఏటా పుష్యమాసం పున్నమికి తల్లికి కొత్త పట్టుచీర కట్టాలి. ఏడాదికో ఇంటి వంతు. ఆ ఏడు వంతు రంగనాయకి అత్తగారింటిది. చీరకు పట్టుపోగులు చుట్టిపెట్టే భాగ్యం ఇంటి కోడలిదే, నాన్నా. అది ఆచారం.

రంగనాయకి తల్లికి దండం పెట్టుకుని పోగు పట్టుకుంది. చలికి ఆ పిల్ల చేతులు ఎండి గరుకు తేలాయి. పోగు చేతికి తగులుకుని పీచు లేచింది.

"ఇవి చేతులా, తాటిమట్టలా? ఇవి నున్నబడకపోతే వంతు పక్కింటికి ఇచ్చేస్తానే" అంది అత్త సాకమ్మ.

ఆడపడుచు కూతురు చిట్టి అప్పుడప్పుడే బడిలో అక్షరాలు దిద్దుతోంది. "అత్తా, నీ కాలు నా పలకలాగే ఉంది" అంటూ పిక్క మీద గోటితో అ ఆలు రాసింది. తెల్లగా పడ్డాయి కూడా.

రంగనాయకి అదంతా మురికనుకుంది. అప్పుడు పొగలు కక్కే నీళ్ళు పోసుకుంది. ఒళ్ళు బిగుసుకుపోయింది. ఆ తర్వాత కుంకుడు రసంతో రుద్దింది. పొట్టు రేగింది. ఆ తర్వాత పంతం పట్టి ఇటుకపొడితో తోమింది, అంట్లు తోమినట్టు. ఇంకేముంది, చేతులు పగిలి చుర్రుమన్నాయి.

"తల్లీ, నీ చీర నా చేతుల మీదుగా రానివ్వవా" అని కళ్ళు తుడుచుకుంటూ గేదెను మడుగుకు తోలుకెళ్ళింది. దాని పేరు నల్లరాణి. అది నీళ్ళలో మునిగి, తడి ఒంటితోనే బురదలో దొర్లి, మహారాణిలా లేచొచ్చింది. ఇంటికొచ్చాక బురద కడిగితే కింద తోలు నిగనిగ. బురద అంటని వీపు మీద గీస్తే మాత్రం తెల్లగీత.

"ఓసి నీ తెలివీ! తడి పోకుండా పైన మూత వేస్తున్నావుటే" అంది రంగనాయకి.

ఆ సాయంత్రం గోరువెచ్చని నీళ్ళు పోసుకుంది. రుద్దలేదు, మెత్తటి గుడ్డతో అద్దుకుంది. తడి పూర్తిగా ఆరకముందే గిన్నెలో నువ్వులనూనె తీసుకుని పల్చగా రాసుకుంది.

"నూనె చేతులతో పట్టు ముట్టుకుంటావా? మరక పడితే తల్లికి ఏం చెప్తాం?" అంది సాకమ్మ.

"రాత్రి నూనెది, పగలు పట్టుది అత్తా. తెల్లారేసరికి ఒళ్ళే తాగేస్తుంది."

రోజూ అంతే చేసింది. ఒకనాడు చిట్టి వచ్చి గోటితో గీసింది. గీత పడలేదు. "అత్తా, పలక పాడైపోయింది" అని మూతి ముడిచింది.

రంగనాయకి పరుగెత్తి పోగు పట్టుకుంది. అది నీటిధారలా జారింది. సాకమ్మ అది చూసి, మెల్లగా తన పగిలిన మడమలు చాపి, "ఆ గిన్నెలో ఇంకా ఉందా?" అంది.

పున్నమినాడు తల్లి కొత్త చీరలో వెలిగిపోయింది. ఈ కిటుకు తెలిసి ఊరి ఆడవాళ్ళు నల్లరాణికి బొట్టు పెట్టి బంతిపూల దండ వేశారు. అది దండతో సహా వెళ్ళి బురదలో పడుకుంది.

కాళ్ళు కడుక్కొచ్చావుగా, నాన్నా? తడి ఆరకముందే ఇటు చాపు, నూనె రాస్తాను.

పట్టుచీర తల్లికి, నూనెచుక్క ఒంటికి,
బురదంతా గేదెకి, నిద్రంతా కంటికి,
కథ వెళ్ళె కంచికి, మనం ఇక మంచానికి.